జర దమ్ పట్టు

గోపన్‌పల్లి చౌరస్తాలో పోయిన వారం ఒక ఫ్లెక్సీ కట్టారు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. మధ్యలో మా యోగా మాస్టారు పద్మాసనం వేసుకుని కూర్చున్నారు. సన్నటి నడుము, పలకలు తేలిన ఛాతీ, వెనక మంచు కొండలు. మెడ పైనుంచి మాత్రమే మా మాస్టారు. కింద ఉన్నది ఎవరో నాకు తెలియదు. ఇంటర్నెట్‌లో దొరికిన పాతికేళ్ల కుర్రాడెవరో అయ్యుంటాడు. తల అతికించిన చోట మెడ రెండు రంగుల్లో ఉంది.

స్కూటర్ ఆపి చూశాను. ముందు నవ్వొచ్చింది. ఎందుకంటే మా మాస్టారు జన్మలో పద్మాసనం వేయలేదు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన మోకాళ్లు ఆయనవి. "నా ఎడమ కాలు ఇంకా క్లచ్ మీదనే ఉంది సార్, అది రిటైర్ కాలే" అనేవారు. ఇక పొట్ట సంగతి. ఆ ఫ్లెక్సీ కుర్రాడి పొట్టలాంటివి నాలుగు కలిపితే మా మాస్టారి పొట్ట.

తర్వాత నవ్వు ఆగిపోయింది. ఫ్లెక్సీ వాడు చేసిన పనే నాలుగేళ్ల కిందట నేనూ చేశాను. ఆయన తలని తీసుకెళ్లి నేను చదివిన పుస్తకాల ఒంటికి అతికించాను. దానివల్ల ఆయనకు రావలసిన ఒక హాలు రాకుండా పోయింది. తప్పు ఎవరిదో చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పలేదు.

నా గురించి కొంచెం చెప్పక తప్పదు. మాది బాపట్ల వైపు. రాయదుర్గం మెట్రో పక్కన ఉన్న అద్దాల టవర్లలో ఒకదానికి నేను ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ని. "నా చదువు డిప్లొమాతో ఆగింది కానీ, చదవడం ఆగలేదు." ఈ వాక్యం నేను కొత్తగా పరిచయమైన ప్రతివాళ్లకీ చెబుతాను. ఇది వినబడగానే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆదివారాలు గ్రంథాలయంలో కూర్చుని నేను సొంతంగా సంపాదించుకున్న జ్ఞానం చాలా ఉంది. దాన్ని ఎవరూ అడగరు, అదొక్కటే ఇబ్బంది.

ఈ ఊరొచ్చిన కొత్తలోనే మెడనొప్పి పట్టుకుంది. పైకప్పులోని వైర్లు చూసీ చూసీ వచ్చిన నొప్పి. డాక్టరు యోగా చేయమన్నాడు. ఇంకొకరైతే యోగా చేసేవాళ్లు. నేను గ్రంథాలయానికి వెళ్లాను. యోగం మీద అక్కడున్న పుస్తకాలన్నీ మూడు నెలల్లో చదివేసి రెండు వందల పేజీల నోటుబుక్కు నింపాను. యోగానికి ఎనిమిది మెట్లు అని తెలుసుకుని ఎనిమిదో మెట్టు నుంచి మొదలుపెట్టాను. సమాధి గురించి తెలిసిపోతే కిందివన్నీ వాటంతటవే వస్తాయని నా లెక్క. మొదటి మెట్టులో అహింస, సత్యం అని ఏవో ఉన్నాయి. ఇవి చిన్నప్పుడు బడి గోడల మీద చదివినవే కదా అని ఆ పేజీలు తిప్పేశాను.

మూడు నెలలయ్యేసరికి మెడ అసలు తిరగడం మానేసింది.

"మెడనొప్పికి మూడు నెలలు మెడ వంచి చదివిన మనిషిని మిమ్మల్నే చూశానండీ" అంది మా ఆవిడ. "రేపు లేచి ఆ కమ్యూనిటీ హాలుకి వెళ్లండి. అంజమ్మ వెళ్తోంది. నడుం పట్టేయడం తగ్గిందంట."

అంజమ్మ మా గల్లీలోనే ఉంటుంది. తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో హౌస్‌కీపింగ్ పని. పద్నాలుగు అంతస్తుల మెట్లు తుడుస్తుంది. ఆమెకు తగ్గిందంటే వెళ్లి చూడాల్సిందే.

పొద్దున అయిదున్నరకి వెళ్లాను. తెల్లగడ్డం ఆయనెవరో ఉంటారనుకున్నాను. ముందు ఒక పొట్ట లోపలికి వచ్చింది, దాని వెనక మాస్టారు వచ్చారు. ఖాకీ ప్యాంటు, పైన బనీను. చేతిలో స్టీలు డబ్బా. నేను చేతులు జోడించి, మూడు నెలల చదువునీ ఒక్క ప్రశ్నలో పెట్టాను.

"మాస్టారూ, తమది ఏ సంప్రదాయమండీ?"

ఆయన నిజంగానే ఆలోచించారు.

"నడుము నొప్పి సంప్రదాయం సార్. నొప్పొచ్చింది, సర్కారు దవాఖానల నేర్పిండ్రు, చేసిన, పోయింది. మీది?"

"మెడనొప్పండి."

"అయితె పక్కపక్క ఊర్లే. కూసోండ్రి."

ఇరవై మంది దాకా వచ్చేవాళ్లు. నైట్ డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డులు, పనికి పోయేముందు వచ్చే అంజమ్మ లాంటివాళ్లు, ఒకరిద్దరు కిరాయికుండే సాఫ్ట్‌వేర్ పిల్లలు. మాస్టారు ముందు నిలబడి మెడ కుడికి తిప్పి చూసేవారు, ఎడమకి తిప్పి చూసేవారు. అది మెడ వ్యాయామం అనుకుని మొదటిరోజు నేనూ తిప్పాను. కాదు, అద్దాలు చూసుకునే అలవాటు. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో అలా లెక్క చూసుకునేవారు. అయినా మొదలుపెట్టేవారు కాదు. ఆఖరున వచ్చినవాళ్లు తలుపు దగ్గర్నుంచి "రైట్ రైట్" అని కేకవేయాలి. అప్పుడే బండి కదిలేది. ఆలస్యంగా వచ్చినవాళ్లని ఆయన తిట్టగా నేను వినలేదు. ఆ కేక వేయడం కోసమని అంజమ్మ కావాలనే గుమ్మం బయట నిలబడేది.

ఆయన నోట ఒక్క ఆసనం పేరు వచ్చేది కాదు. "గేరు మార్చినట్టు వంగుండ్రి, సప్పుడు రావద్దు." "పక్కోని బండి ఎందుకు సూస్తవ్, నీ అద్దంల నిన్ను సూస్కో." ఎవరైనా పళ్లు బిగించి వంగుతుంటే దగ్గరికెళ్లి నెమ్మదిగా అనేవారు. "లోపట హారన్ కొడ్తాంది, ఇనరాదు?"

నాకు ప్రాణం ఒప్పేది కాదు. ఆయన వంగమనగానే నేను వెనకనుంచి "పాదహస్తాసనం!" అని అందించేవాణ్ణి. వారం రోజులు విన్నారు. ఎనిమిదో రోజు అన్నారు. "సార్, మీరు కండక్టర్. టికెట్లు మీరు కొట్టుండ్రి, నేను బండి నడుపుత." అందరూ నవ్వారు. నేను దాన్ని పదవి అనుకుని ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను. ఆవిడా నవ్వింది. అయినా నాకు అర్థం కాలేదు. పాదహస్తాసనంలో నా చేతులు మోకాళ్లు దాటి కిందికి వెళ్లలేదన్న సంగతి కూడా ఇక్కడ రాసేయాలి.

క్లాసు అయ్యాక స్టీలు డబ్బా తెరిచేవారు. ఒకరోజు పెసర గుడాలు, ఒకరోజు బొబ్బర గుడాలు. మా వైపు గుగ్గిళ్లంటాం. తలా ఒక గుప్పెడు. అది అందరూ తినేదాకా ఆయన తినేవారు కాదు.

ఇప్పుడు అసలు విషయం. మొదటివారంలోనే ఒకరోజు క్లాసు మధ్యలో మాస్టారి ఫోను మోగింది. "జర దమ్ పట్టుండ్రి" అని ఆయన వరండాలోకి వెళ్లారు.

మా వైపు దమ్ము అంటే ఊపిరి. పట్టు అంటే పట్టడం. ఇంకేముంది, కుంభకం! నేను వెంటనే కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టాను. ఒక కన్ను తెరిచి చూస్తే అంజమ్మ పక్కావిడతో నల్లా నీళ్లు రాలేదని చెబుతోంది. గార్డు ఒకాయన ఆవలిస్తున్నాడు. నాకు వాళ్లమీద జాలేసింది. ఇంత గురువు దొరికినా ఎంత అశ్రద్ధ! ఆ రోజు నోటుబుక్కులో రాసుకున్నాను. "గురువుగారు ప్రాణాయామాన్ని జనం భాషలో బోధిస్తున్నారు. దమ్ము అనే మాట దమము నుంచి వచ్చి ఉండాలి. దమము అంటే ఇంద్రియ నిగ్రహం. శిష్యులెవరూ పాటించడం లేదు, నేను తప్ప."

దమ్ పట్టడమంటే ఇక్కడ కాస్త ఆగడం. అంతే. ఫోను మాట్లాడి వస్తాను, ఆగండి అన్నారాయన. ఈ సంగతి గోపన్‌పల్లిలో పాలప్యాకెట్లు వేసే మనిషికి తెలుసు, ఇస్త్రీ బండి ఆయనకి తెలుసు. నాకు తెలియదు. మా టవర్లో ఎవరినైనా ఆపాలంటే "వన్ మినిట్" అంటారు. అడిగితే ఎవరైనా చెప్పేవాళ్లే. కానీ తెలుసు అనుకున్నదాన్ని ఎవరు అడుగుతారు?

అలా ఏడాది పాటు ఆయన ఆగమన్నప్పుడల్లా నేను ఊపిరి ఆపాను. ఆయన తిరిగొచ్చేసరికి నా మొహం కందిపోయి ఉండేది. "సార్‌ను ఫ్యాన్ కింద కూసోనియ్యుండ్రి, జర గాలి తగలనియ్యుండ్రి" అనేవారు. ఉత్తమ శిష్యుడికి ప్రత్యేక స్థానం ఇచ్చారనుకున్నాను. అదీ రాసుకున్నాను.

అప్పుడే కమ్యూనిటీ హాలు గోడ మీద ఎర్రరంగుతో గీత పడింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, హాలు పోతుంది. ఇరవై మందిని తీసుకుని ఎక్కడికి వెళ్లాలి? ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్లు, వాటి గేట్లు. అంజమ్మే దారి చూపించింది. తను పనిచేసే కమ్యూనిటీ వాళ్లకి యోగా చెప్పేవాళ్లు కావాలట. క్లబ్‌హౌసులో పెద్ద హాలుందట.

మాస్టారు వెళ్లి కమిటీ కార్యదర్శితో మాట్లాడి వచ్చారు. ఆయన పెట్టిన షరతు ఒకటే. "పొద్దుగాల మీకు చెప్త. పగటిపూట మీ తాన పనిచేసేటోళ్లకు, మా ఊరోళ్లకు చెప్త. అదే హాల్ల." కార్యదర్శి ముందు ఒక డెమో క్లాసు చూస్తామన్నాడు.

మాస్టారు దేనికైనా ఫికరు పడడం నేను చూడలేదు. ఆ వారం చూశాను. గుడాల డబ్బా మూత పెట్టకుండానే సంచిలో పెట్టుకున్నారు. "ఆ హాలు దొరకకుంటె మన బండి షెడ్డుకే సార్" అన్నారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి అడిగారు. "మైకు ఒక్కటి మీరు చూస్కోండ్రి. కరెంటు పని మీకు ఎరుకే కద."

తప్పకుండా అన్నాను. ఇంటికెళ్లి నాలుగు పేజీల ఉపన్యాసం రాశాను. మైకు ఎవరైనా చూస్తారు, మాస్టారి గొప్పతనం నేను కాక ఎవరు చెబుతారు?

ఆదివారం ఏడింటికి క్లబ్‌హౌసులో నలభై మంది రంగురంగుల చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఎక్కువమంది మా కోస్తావాళ్లు, కొందరు వేరే రాష్ట్రాలవాళ్లు. మాస్టారు లోపల లేరు. మా గల్లీవాళ్లని గేటు దగ్గర పాసులు లేవని ఆపేశారు. ఆయన వాళ్లని తీసుకురావడానికి వెళ్లారు. ఈలోగా నేను మైకు అందుకున్నాను.

"మా మాస్టారి పద్ధతిలో ఒక రహస్యం ఉందండీ" అన్నాను. దమము గురించి చెప్పాను. కుంభకం గురించి చెప్పాను. "ఆయన 'దమ్ పట్టండి' అన్నప్పుడల్లా మీరు ఊపిరి బిగబట్టాలి. ఎంతసేపు పడితే అంత మంచిది."

ముందు వరసలో ఒక పెద్దాయన ఉన్నారు. బ్యాంకులో పెద్ద హోదాలో పనిచేసి రిటైరయ్యారు. డెబ్బై అయిదేళ్లుంటాయి. చెయ్యెత్తి, "మీరెంతసేపు పడతారండీ?" అని అడిగారు.

"నలభై సెకన్లండి" అన్నాను వినయంగా.

ఆయన తలాడించారు. అది ఒప్పుకోలు కాదు, పందెం అని అప్పుడు తెలియలేదు.

మాస్టారు వచ్చారు. అంజమ్మ వాళ్లు గోడవారగా నిలబడ్డారు. వాళ్లలోంచి ఎవరో సిగ్గుపడుతూ "రైట్ రైట్" అన్నారు. క్లాసు మొదలైంది. ఎంత బాగా నడిచిందో చెప్పలేను. ఇరవై నిమిషాల్లో ఆ నలభై మందీ గేర్లు మారుస్తున్నారు, హారన్లు వింటున్నారు, నవ్వుతున్నారు. వెనక నిలబడ్డ కార్యదర్శి కూడా చేతులు పైకి చాపాడు. హాలు మాదేనని నాకు అనిపించింది.

అప్పుడు మైకు ఒక్కసారి కీచుమని అరిచి ఆగిపోయింది. మాస్టారు నా వైపు చూశారు. నేను వేదిక పక్కన, అందరికీ నమూనాగా, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని ఉన్నాను. ఆయన "సార్, వైరు..." అని, గొంతు పెంచి, "అందరు జర దమ్ పట్టుండ్రి!" అన్నారు.

నేను కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టాను. ఆ హాల్లో ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రీషియన్ని నేను. నేను కళ్లు మూసుకుంటే పాపం ఆయనే ఆ పొట్టతో వంగి, స్పీకరు వెనక దూరి, ప్లగ్గు వెతుక్కున్నారు. నాతోపాటు నలభై మందీ ఊపిరి ఆపారు. ఎంత నిశ్శబ్దం! నా వ్యాఖ్యానం మీద నలభై గుండెలు ఆగి ఉన్నాయి. నా జీవితంలో అంత గొప్ప క్షణం అంతకుముందు లేదు.

ధబ్ అని చప్పుడైంది.

బ్యాంకు పెద్దాయన పక్కకి ఒరిగిపోయారు. కళ్లజోడు పగిలింది. ఆయన కూతురు కేక పెట్టింది. మాస్టారు స్పీకరు వెనకనుంచి పరుగున వచ్చి, ఆయన కాళ్లు ఎత్తి తన భుజాన పెట్టుకుని, చుట్టూ మూగినవాళ్లని జరగమన్నారు. పెద్దాయన కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "ఎంతసేపు పట్టాను?"

ఆసుపత్రికి తీసుకెళ్లి అన్ని పరీక్షలూ చేయించారు. ఏమీ లేదు. కానీ ఆ సాయంత్రం కమిటీ కూర్చుంది. మమ్మల్ని పిలిచింది.

"పెద్దవాళ్లచేత ఊపిరి బిగబట్టించడం ఏంటండీ?" అన్నాడు కార్యదర్శి. "మీకసలు ట్రైనింగ్ ఉందా?"

మాస్టారికి అర్థం కాలేదు. "ఊపిరా? నేనెప్పుడన్న సార్?"

"మైకు ఆగినప్పుడు మీరే కదండీ దమ్ పట్టమన్నారు! అంటే ఊపిరి బిగబట్టడమే అని మీతో వచ్చిన ఈయన ముందే చెప్పారు కదా."

కార్యదర్శి అది నా మీద నేరంగా చెప్పలేదు. నేను మాస్టారు చెప్పిందే చెప్పానని అతని నమ్మకం. మాస్టారు మెల్లగా మెడ తిప్పి నా వైపు చూశారు, ఎడమ అద్దంలోకి చూసినట్టు. ఆ ఒక్క చూపులో ఆయనకి మొత్తం అర్థమైపోయింది. నాకూ అప్పుడే అర్థమైంది. ఏడాదిగా ఊపిరి ఎందుకు బిగబట్టానో, గోడవారన ఉన్నవాళ్లెవరూ ఎందుకు బిగబట్టలేదో.

కుర్చీలోంచి సగం లేచాను. నోరు తెరిచాను. చెప్పవలసింది ఎంత? ఆయన ఆగమన్నారు, ఊపిరి పట్టమన్నది నేను. అంతే. అప్పుడే పెద్దాయన కూతురు ఏడవడం మొదలుపెట్టింది. మాస్టారు, బస్సు కిటికీలోంచి డ్రైవర్లు చెయ్యి చాపినట్టు, నా వైపు అరచెయ్యి చాపారు.

"జర దమ్ పట్టు, తమ్మీ."

అప్పటిదాకా నేను సార్‌ని. తమ్మీ అనడం అదే మొదలు. నేను కూర్చున్నాను.

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి, "బిడ్డా, పెద్దాయన మంచిగున్నడా? అన్నం తిన్నడా?" అని అడిగారు. ఆమె కళ్లు తుడుచుకునేదాకా ఆగారు. తర్వాత కమిటీతో అన్నారు. "బండి నేను నడిపిన. గుద్దితె డ్రైవర్దే జిమ్మేదారి."

ఇక్కడ ఒక విషయం నిజం రాయాలి. ఆయన నన్ను చెప్పొద్దు అనలేదు. ఆగమన్నారు. ఆ అమ్మాయి ఏడుపు ఆగేదాకా కాస్త ఆగమన్నారు. అది ఆగాక, కమిటీ వాళ్లు హాలు కుదరదు అనే మాట అనబోయే ముందు, ఆయన ఇంకోసారి నా వైపు చూశారు. ఇగ చెప్పు అన్నట్టుగానే చూశారు. నేను గోడకున్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ మీద ఏం రాసుందో చదువుతున్నాను. చదవడం నాకు అలవాటు కదా. సీలు ఎలా తీయాలో, ఎంత దూరంలో నిలబడాలో పూర్తిగా చదివాను.

హాలు రాలేదు. నెల తిరిగేసరికి కమ్యూనిటీ హాలు కూలింది. క్లాసు ఒక బస్ షెల్టరులోకి మారింది. రోడ్డు పక్కకి జరగడంతో అక్కడ ఇప్పుడు బస్సులు ఆగవు. ఆరుగురు పడతారు. అందుకని మూడు ట్రిప్పులు. "ముప్పై ఏండ్లు నడిపిన, ఇన్నొద్దులకు స్టాపే నాదైంది" అని మాస్టారు మురిసిపోయేవారట. నేను నెల్లాళ్లు వెళ్లలేదు. అంజమ్మ మా ఆవిడతో అంది. "సారుకు దమ్ము బీమారి ఎక్కువైందా అని మాస్టరు అడుగుతుండు."

వెళ్లాను. ఆయన నన్ను బెంచీ మీద గాలి తగిలే చివర కూర్చోబెట్టారు.

"దమ్ము బీమారి ఎట్లుంది తమ్మీ?"

"నాకు ఆయాసం జబ్బు లేదండీ."

"మరి నేను బయటికి పోయొచ్చినప్పుడల్ల మొకం గట్ల ఎందుకైతుండె? పాపం బీమారి, అడిగితె సిగ్గు పడ్తడని ఎవ్వల్ని అడగనియ్యలే."

చెప్పాను. దమము దగ్గర్నుంచి మొదలుపెట్టి, నోటుబుక్కులో రాసుకున్న ముక్కతో సహా. ఆయన నోరు తెరుచుకుని విన్నారు. ముందు పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. అంజమ్మ షెల్టరు స్తంభం పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

"ఏందీ, ఏడాది సంది? నేను పాలప్యాకెట్ తెస్తా అని ఫోన్ల ఇంటోళ్లకు చెప్పి వచ్చేదాంక?"

"అవునండీ."

"సచ్చిపోతుంటివి గదరా తమ్మీ!" అని కళ్లు తుడుచుకున్నారు. నవ్వు తగ్గాక నా వీపు మీద చెయ్యేసి అన్నారు. "స్టాపొస్తే బండి ఆగుతది. ఇంజన్ బంద్ చేస్తరా? అది నడుస్తనే ఉంటది."

"కమిటీ వాళ్లకి నేను చెప్తానండి. తప్పు నాదేనని."

"చెప్తువు. ముందుగాల జర దమ్ తీస్కో. గుడాలు తిను."

దమ్ తీసుకోవడమంటే ఏమిటో ఈసారి అడిగి తెలుసుకున్నాను. ఒక్క నిమిషం సేద తీరడం. గుడాలు తిన్నాను. సేద తీరాను. ఆయన జర అన్నారు, నేను నాలుగేళ్లు తీరాను. సంస్కృతంలో జర అంటే ముసలితనం అని నా నోటుబుక్కులో ఉంది. నా జర అంతదాకా సాగేదే.

ఆ నాలుగేళ్లూ నేను రోజూ షెల్టరుకి వెళ్లాను. చేతులు మోకాళ్లు దాటి పిక్కలదాకా వచ్చాయి. మెడ తిరిగింది. ఆయన మళ్లీ ఎప్పుడూ ఆ హాలు మాట ఎత్తలేదు. వానాకాలం జల్లు లోపలికి కొడుతుంటే మాత్రం, ఒకోసారి, తెల్లాపూర్ టవర్ల వైపు చూసేవారు. అప్పుడు నేను బూటు లేసు కట్టుకునేవాణ్ణి.

పోయిన వారం ఆయన పోయారు. మూడోరోజే అంజమ్మ క్లాసు మొదలుపెట్టింది. ఆయన నిలబడ్డచోటే నిలబడి, కుడికీ ఎడమకీ చూసి. కానీ ఇప్పుడు షెల్టరు మీద కూడా ఎర్రగీత పడింది.

"సారూ, చదువుకున్నోళ్లు మీరే ఉన్నరు" అంది. "తెల్లాపూర్ కమిటీకి ఒక అర్జీ రాస్తరా? పెద్ద హాలు వద్దు. పగటిపూట మాకు ఎన్క ఉన్న చిన్న రూము ఇస్తె సాలు."

రాశాను. నాలుగు పేజీలు. మా ఆవిడ చదివి తిప్పి చూసి, మళ్లీ చదివి, "ఇందులో మీ తప్పెక్కడుందండీ?" అంది. మూడో పేజీ కింద చూపించాను. "ఒకానొక పారిభాషిక పదము యొక్క అవగాహనాలోపము వలన..."

"దీన్ని తెలుగులో రాయండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

చింపేసి మళ్లీ రాశాను. "దమ్ పట్టండి అంటే ఆగండి అని. ఊపిరి బిగబట్టమని చెప్పింది నేను, ఆయన కాదు. పెద్దాయన పడిపోయింది నావల్ల. ఆ రోజు మీ ముందే ఉండి ఈ మాట చెప్పలేదు. అంజమ్మ వాళ్లకి వెనక రూము ఇవ్వండి." అర పేజీ కూడా రాలేదు. ఇంత చిన్నది రాయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఈ ఉదయం తెల్లాపూర్ వెళ్లాను. అంజమ్మ డ్యూటీ ఎక్కడానికి అదే వేళకి వచ్చింది. గేటు దగ్గర గార్డు కాగితం అందుకోబోయాడు.

"ఎవ్వలికియ్యాలె సార్?"

"కమిటీ ప్రెసిడెంటు గారికి. నేనే ఇస్తాను."

"ప్రెసిడెంట్ అంటె గా బ్యాంకు పెద్దసారే ఇప్పుడు. ముసలాయన. ఏం పని అని చెప్పాలె?"

ఆ పెద్దాయన ఎదుటే చెప్పాలన్నమాట.

"నాలుగేళ్ల కింద ఆయన పడిపోయిన సంగతి మాట్లాడాలని చెప్పు బాబూ."

గార్డు నన్నోసారి కిందికీ పైకీ చూసి ఇంటర్‌కామ్ ఎత్తాడు.

"జర దమ్ పట్టుండ్రి సార్, అడుగుత."

అలవాటు కొద్దీ ఛాతీ నిండిపోయింది. బిగుసుకుంది. అక్కడే గేటు కమ్మీ పట్టుకుని ఊపిరిని నెమ్మదిగా వదిలాను. మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. అది ఆగకుండా నడుస్తోంది.

గార్డు ఫోను పెట్టేసి అడ్డకర్ర ఎత్తాడు. "రమ్మంటుండ్రు సార్."

నేను కదల్లేదు. వెనకనుంచి అంజమ్మ కేకవేసింది.

"రైట్ రైట్!"